మడతల్లో నేనుంచిన ఎరుపు

మదనపల్లె మగ్గాల వీధుల్లో ఒక మాట ఇరవై ఏళ్లుగా తిరుగుతోంది. ఫలానా నేతగాడు కుప్పం అంగడి ఆర్డరుకు పడుగు రంగు మార్చి నేసి మోసం చేశాడని. ఇప్పుడు అక్కడ మగ్గం మీద కూర్చుంటున్న కుర్రవాళ్లలో చాలామంది ఆ మనిషిని చూడను కూడా లేదు. మాట మాత్రం వాళ్లకు తెలుసు. అది నిజం కాదు. ఆయన మోసం చేయలేదు. తప్పు నేసిన చేతిది కాదు, బొమ్మ చేసిన చేతిది. ఆ చేయి నాది.

ఈ సంగతి రాయడానికి కారణం ఒక అమ్మాయి. కంప్యూటర్ డిజైను నేర్పే చోట పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. పనిచేసే ఫోటో స్టూడియో మూతబడి ఖాళీగా ఉన్నవాణ్ని, సంతోషంగా వెళ్లాను. గంటసేపు నవ్వించాను. చివర్లో ఆ అమ్మాయి లేచి, "సార్, మీ పనిలో మీరు చేసిన పెద్ద తప్పేంది?" అని అడిగింది. ఎప్పుడో ఒక బ్యానరు మీద ఊరి పేరు తప్పు రాసిన కథ చెప్పాను. అందరూ మళ్లీ నవ్వారు. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వు నా చెవికి ఇంపుగా లేదు. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఇది.

మాది పుంగనూరు. తొంభైల్లో అక్కడే బోర్డులు రాసేవాణ్ని, గుడ్డ బ్యానర్లు రాసేవాణ్ని, కబడ్డీ జట్ల బనియన్ల మీద నంబర్లు అచ్చు వేసేవాణ్ని. కంప్యూటర్లు వచ్చాక బ్రష్షుకు పని తగ్గింది. మదనపల్లెలో ఒక ఫోటో స్టూడియో ఓనరు కంప్యూటరు కొని, దాని ముందు కూర్చునే మనిషి కోసం వెతుకుతుంటే నేను దొరికాను. ఆయన ఫోటో తీసేవాడు, నేను దిద్దేవాణ్ని. మొటిమలు తీసేయడం, మూసుకున్న కళ్లు తెరిపించడం, చనిపోయిన తాతను పెళ్లి ఫోటోలో నిలబెట్టడం, ఇవే మా పనులు.

బట్ట మీద బొమ్మ పెట్టే పని పెద్దమండ్యం నుంచి వచ్చిన కబడ్డీ జట్టుతో మొదలైంది. అచ్చు వేయకముందే బనియను మీద పులి ఎలా ఉంటుందో చూడాలన్నారు. ఒక తెల్ల బనియను ఫోటో తీసి, దాని మీద పులి బొమ్మను అతికించి చూపించాను. జట్టు నాయకుడు చాలాసేపు చూసి అన్నాడు.

"పులి బనీను మీద లేదన్నా. బనీనుకు ముందర నిలబడుండాది."

వాళ్లందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే. బట్ట ముడత పడినచోట పులి ముడత పడలేదు. చంక కింద నీడ ఉంటే పులి మీద నీడ లేదు. మరుసటి నెలంతా అదే పట్టు పట్టాను. బట్ట ఎత్తుపల్లాలను బట్టి బొమ్మ వంగేట్టు చేయడం నేర్చుకున్నాను. బట్ట నీడలు బొమ్మ లోపలికి దిగేట్టు చేయడం నేర్చుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. ఇప్పుడు మీకు తయారుగా దొరికే మాకప్‌లో, అంటే నమూనా ఫోటోలో, బొమ్మ వేస్తే అదే మడతల్లోకి సర్దుకుంటుంది. అప్పుడు నాకు ఒక్కో మడతకు ఒక్కో పూట పట్టేది. చివరికి పులి బనియనులోకి వెళ్లింది. వాళ్ల నాయకుడు మళ్లీ వచ్చి, స్క్రీను మీద వేలు పెట్టి రుద్ది, "ఇప్పుడు ఉతికినా పోదు" అన్నాడు. నా జీవితంలో అంత పెద్ద మెప్పు ఇంకొకటి రాలేదు. ఆ మెప్పే నన్ను చెడగొట్టింది కూడా.

మదనపల్లె పట్టుచీరల ఊరు. చీర నేయాలంటే ముందు గళ్ల కాగితం మీద డిజైను గీయాలి, దాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టాలి, ఆ అట్టలు మగ్గానికి ఎక్కించాలి. ఇంత చేసి ఒక చీర నేసి చూపిస్తే గానీ అంగడివాడు అవునో కాదో చెప్పడు. కాదంటే ఆ శ్రమంతా పోయినట్టే. మా ఓనరుకు ఆలోచన వచ్చింది. నేయకముందే చీర కట్టుకున్న మనిషి ఫోటో మీద డిజైను వేసి చూపిస్తే? నేతగాళ్లకు మేలు, అంగళ్లకు మేలు, మాకు పని.

దానికి ముందు మంచి ఫోటో ఒకటి కావాలి. ఏ రంగూ లేని తెల్ల పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి ఫోటో ఒకటి ఉంటే, దాని మీద ఏ రంగు వేసినా ఆ రంగే కనిపిస్తుంది. ఓనరు వాళ్లింట్లో అడగనన్నాడు. నేను పుంగనూరు వెళ్లి మా అక్కను బతిమాలి తీసుకొచ్చాను. ముఖం పడదు, మెడ కింది నుంచే తీస్తామని మాటిచ్చాను. అంతా ఒప్పుకుంది. తెల్లచీర చూడగానే అడ్డం తిరిగింది.

"మీ బావ గుండ్రాయి మాదిరి ఉండాడు గదరా. నాకు తెల్లచీర కడతావా?"

"ఫోటోకే గదక్కా. ముఖం కూడా పడదు."

"ముఖం పడకపోతేనేం, మెడలో తాళి నాదే గదా. నీకు కావాలంటే నువ్వే కట్టుకో పో."

ఓనరు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. చివరికి అక్క తన సొంత చీరే కట్టుకొని నిలబడింది. గంధం రంగు పట్టు. మా పక్క ఆడవాళ్లు డబుల్ షేడ్ అంటారే, ఆ రకం. నిలువు పోగు, అంటే పడుగు, గులాబి. అడ్డపోగు, అంటే పేక, గంధం. మనిషి కదిలితే మడతల మీద గులాబి జీర మెరుస్తుంది.

ఆ ఫోటోలో రంగంతా తీసేస్తే సరిపోయేది. తీసి చూశాను. పట్టు చచ్చిపోయింది. సత్తురేకు మడిచి మనిషికి చుట్టినట్టు ఉంది. అందుకని రంగును పూర్తిగా తీయలేదు, కొంచెం ఉంచాను. దాని మీద ఏ రంగు చీర వేసినా మడతల్లో ఆ గులాబి పలచగా ఊపిరి పోసేది. చూసినవాళ్లంతా "నిజం చీర మాదిరే ఉండాది" అన్నారు. అది చాలు నాకు. ఉంచాను అని ఈ రోజు రాస్తున్నాను. మిగిలిపోయింది అని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

మా దగ్గరికి వచ్చిన మొదటి నేతగాళ్లలో ఆయనొకరు. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఇంట్లో మూడు మగ్గాలు. ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద ఆయన భార్య, ఒకదాని మీద ఆయన తమ్ముడు. వేరొకరి దగ్గర కూలికి నేసే స్థితి నుంచి సొంతంగా పట్టు కొని, సొంతంగా అంగళ్లకు నేసే స్థితికి వచ్చిన మనిషి. కొత్త బొమ్మ ఏదైనా చేతికిస్తే కాగితం అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు, బట్టను చూసినట్టు. అలవాటు. నేను నవ్వితే, "కండ్లను నమ్మితే మా పని సాగదప్పా" అనేవాడు.

ఆయన మా చేత గీయించిన ఒక డిజైను, అంచుకు మామిడిపిందెలు, ఒంటికి చిన్న చుక్కలు, చిలకపచ్చ రంగులో నేను ఫోటో మీద వేశాను. దాన్ని మా ఓనరు కుప్పంలో ఒక పెద్ద బట్టల అంగడి సావుకారికి చూపించాడు. సావుకారి ఆ ఫోటోను ఒక పెళ్లివాళ్లకు చూపించాడు. పెళ్లికూతురి వైపు ఆడవాళ్లంతా ఒకే రకం చీరలు కట్టుకోవాలని వాళ్ల ముచ్చట. పద్దెనిమిది చీరలకు ఆర్డరు వచ్చింది. సావుకారి బయానాగా ముందే కొంత డబ్బు పంపాడు. ఫోటో కుప్పంలోనే ఉండిపోయింది. నేతగాడికి గళ్ల కాగితం, రంగు చీటీ మేమివ్వాలి. ఆ చీటీ నా చేత్తో రాశాను. రంగు: చిలకపచ్చ. అంచు: జరీ.

ఆయన చీటీ తీసుకోవడానికి వచ్చిన పొద్దు స్క్రీను మీద అదే ఫోటో ఉంది. ఆయన వంగి, చాలా దగ్గరగా చూశాడు.

"నాయనా, ఈ మడతల్లో ఎరుపేంది?"

"యాడన్నా?"

"ఈడ. కుచ్చిళ్ల మీద సూడు. డబుల్ షేడా ఇది? పడుగు ఎరుపు ఎక్కించల్లనా?"

ఒక్క నిమిషం చెబితే అయిపోయేది. ఇది మా అక్క చీర గులాబి అన్నా, పచ్చ మీద ఎరుపుగా కనిపిస్తోంది, నేను తీయకుండా వదిలాను, సావుకారికి ఒక మాట చెప్పి అడుగుదాం అని. కానీ అలా చెబితే నా బొమ్మ నిజం కాదని ఒప్పుకున్నట్టు అవుతుంది. నిజంలా చేస్తాడని పేరు తెచ్చుకున్నవాణ్ని.

"అది లైటన్నా. ఫోటో తీసేటప్పుడు పడిన లైటు. చీటీలో ఉన్నట్టు నెయ్యి."

ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "లైటంటే సరే. మగ్గానికి లైటు ఎక్కించేది నాకు రాదు" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఇల్లంతా కలిసి మూడు మగ్గాల మీద నేశారు. పెళ్లికి ఇంకా పది రోజులుండగానే చీరలు తయారు. అప్పగించడానికి ముగ్గురం కుప్పం వెళ్లాం. ఆయన, మా ఓనరు, నేను. ఆ సావుకారి తన అంగడి చీరలన్నిటికీ మా చేత బొమ్మలు చేయించాలనుకుంటున్నాడు. ఆ పని ఖాయం చేసుకోవడం కోసం ఓనరు నన్ను వెంట తీసుకెళ్లాడు. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సు. చీరల మూట ఆయన ఒళ్లోనే పెట్టుకున్నాడు. పైన పెట్టమని కండక్టరు అంటే, "దీనికి కూడా టికెట్టు కొట్టప్పా, పైన మాత్రం పెట్టను" అన్నాడు. పలమనేరులో దిగి టీ తాగినప్పుడు కూడా మూట చంకలోనే. అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. ఈ ఆర్డరు కుదిరితే కుప్పం నుంచి ఏటా పని దొరుకుతుందని, నాలుగో మగ్గం వేస్తానని చెప్పాడు.

అంగడిలో పరుపు మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. పెళ్లికూతురి పెద్దమ్మ చీరలు చూడటానికి ముందే వచ్చి కూర్చుంది. బైరెడ్డిపల్లె పక్క పెద్ద రైతుల ఇంటి మనిషి. సావుకారి మొదటి చీర విప్పి, "ఆహా, అంచు సూడమ్మా, ఎంత నైసుగా నేసినాడో" అన్నాడు. ఆమె అంచు చూసింది, కొంగు చూసింది. తర్వాత చీరను చేతి మీద వేసుకొని, లేచి, గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్లి అటూ ఇటూ ఆడించింది.

"ఎరుపు యాడ?" అంది.

సావుకారి గల్లాపెట్టె పక్కనుంచి ఫోటో తీసి చీర పక్కన పెట్టాడు. అప్పుడు చూశాను, పక్కపక్కన. ఫోటోలో కుచ్చిళ్ల మీద ఎర్రటి జీర స్పష్టంగా ఉంది. చీరలో లేదు. ఎందుకు లేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

"ఏమప్పా," అన్నాడు సావుకారి నేతగాడితో, "ఫోటోలో పడుగు ఎరుపు, పేక పచ్చ. కదిలిస్తే ఎరుపు కొట్టల్ల. ఈ బట్టలో రెండూ పచ్చే ఉండాయే?"

"చీటీలో ఎరుపు లేదు సావుకారీ. పచ్చ అని ఉండాది. సూడండి." ఆయన జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు.

"పచ్చంటే పైకి కనిపించే రంగప్పా. పడుగు ఏంటనేది ఫోటో సూస్తే తెలీదా నీకు? ఎన్నేండ్లు నేస్తాండావు? ఇంట్లో పచ్చ పడుగు మిగిలుంటే దాన్నే ఎక్కించేసినట్టుండావు."

"మిగిలిన పడుగులో పద్దెనిమిది చీరలొస్తాయా?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు.

"అట్లయితే ఎవురికో నేసేది మాకిచ్చినావు. మా పిల్ల పెండ్లికి మోసమా?" అంది పెద్దమ్మ.

ఆ మాట పడగానే ఆయన నా వైపు తిరిగాడు.

"నేనడిగితిని గదా నాయనా. ఆ ఎరుపేందని. లైటని చెప్తివి. ఆ మాట ఈడ చెప్పు."

అందరూ నన్ను చూశారు. నా పక్కన కూర్చున్న ఓనరు ఎవరికీ కనపడకుండా నా కాలు తొక్కాడు. సావుకారి అడిగాడు.

"చెప్పప్పా. ఆ ఎరుపు నువ్వు వేసిందా?"

"నేను వేయలేదు సార్," అన్నాను.

అబద్ధం కాదు. నేను వేయలేదు. అది ముందే ఉంది, నేను తీయలేదు. ఆ రెండో మాట చెప్పడానికి ఎంత సమయం పడుతుంది? నేతగాడు నా నోటి వైపే చూస్తూ ఉన్నాడు, ఇంకో మాట వస్తుందని. మరి ఎక్కడినుంచి వచ్చింది అని ఒక్కరైనా అడిగి ఉంటే చెప్పి ఉండేవాణ్నని తర్వాత అనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనుకోవడం మానేశాను. అడిగినా చెప్పి ఉండేవాణ్ని కాదు.

"వినబడిందా?" అన్నాడు సావుకారి ఆయనతో. "సరే, అయిందేదో అయింది. సగానికిచ్చిపో. నేనెవురికైనా అమ్ముకుంటా."

ఆయన ఆ చీరను పెద్దమ్మ చేతిలోంచి తీసుకున్నాడు.

"సగానికిస్తే మోసం చేసినానని ఒప్పుకున్నట్టు. నేనియ్యను. మీ బయానా పదైదు దినాల్లో తెచ్చిస్తాను."

పద్దెనిమిది చీరలనూ పాత మడతల మీదనే మళ్లీ మడిచాడు. నేను ఒక చీర అంచు పట్టుకోబోయాను. నా చేతిలోంచి మెల్లగా తీసేసుకున్నాడు. కోపంగా కాదు, తెలియనివాడు పట్టుకుంటే నలుగుతుందన్నట్టు.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, మేము వెనక. ఓనరు నాతో, "నువ్వేం అబద్ధం చెప్పలేదు గదా, యాల అట్ల ఉండావు?" అన్నాడు. కుప్పం పని మాకు ఖాయమైంది. ఓనరు చెడ్డవాడని నేను రాయను. కాలు తొక్కింది ఆయన, నోరు మూసుకున్నది నేను.

తర్వాత జరిగింది అంతా మదనపల్లెకు తెలుసు. కారణం మాత్రం తెలియదు. సావుకారి నోట మాట కుప్పంలో నలుగురు అంగళ్ల వాళ్లకు చేరింది, అక్కడినుంచి పలమనేరుకు, మళ్లీ మదనపల్లెకు. పడుగు మార్చినోడు అనే పేరు ఆయన కన్నా ముందు ప్రతి అంగడికీ వెళ్లి కూర్చుంది. బయానా తిరిగి కట్టడానికి రెండు మగ్గాలు విప్పి అమ్మాడు. తమ్ముడు వేరే పోయాడు. ఏడాది తిరిగేలోగా ఆయన, ఆయన భార్య తమ వీధిలోనే ఇంకొకరి మగ్గాల మీద కూలికి కూర్చున్నారు. ఎదురుపడితే నేను పక్కసందులోకి తిరిగేవాణ్ని. ఆయన ఎప్పుడూ తిరగలేదు. కొన్నాళ్లకు వాళ్లు ఊరు వదిలి భార్య పుట్టినూరు పుంగనూరు వెళ్లి, చీరలకు కుచ్చులు కట్టే కొట్టు పెట్టుకున్నారని విన్నాను.

నేను మాత్రం పనిలో జాగ్రత్తపడ్డాను. మిషన్ ఆసుపత్రి పక్కనుండే క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికి తెల్ల పట్టుచీరే కడతారని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అక్కడ అడగాలని మొదటిసారి మాత్రం తోచలేదు. అక్కడొక నర్సమ్మను అడిగితే తన పెళ్లిచీర కట్టుకొని వచ్చి నవ్వుతూ నిలబడింది. ముఖం కూడా తీయమంది. ఆ ఫోటోతో చేసిన బొమ్మల్లో ఒక్క రంగు తప్పలేదు. మా అక్క ఫోటోను కంప్యూటర్లోంచి తీసేశాను. అంటే చూడండి, తప్పు నాకు పూర్తిగా తెలుసు, దిద్దుకోవడం కూడా తెలుసు. బొమ్మలో దిద్దుకున్నాను. మనిషి విషయంలో దిద్దుకోలేదు.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత రెండు రోజులు ఇంట్లో కూర్చొని, మూడో రోజు పుంగనూరు వెళ్లాను. ఆ కుచ్చుల కొట్టు ఎక్కడని రెండుచోట్ల అడిగితే చూపించారు. భార్య లోపల కుట్టుమిషను దగ్గర ఉంది. ఆయన వసారాలో కూర్చొని ఎవరిదో పెళ్లిచీర కొంగుకు దారాలు ముడివేస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఫోటో అప్పవా? రా, కూర్చో."

నేను నిలబడే చెప్పాను. అక్క చీర, గులాబి, తీయకుండా ఉంచడం, లైటని చెప్పడం, అన్నీ. ఆయన ముడివేయడం ఆపలేదు. భార్య మాత్రం మిషను ఆపి బయటికి వచ్చింది.

"ఇన్నేండ్లు యాడ పోయినావు?" అంది.

"నోరు రాలేదమ్మా."

"ఆ పొద్దు బాగనే వచ్చె గదా, వేయలేదు సార్ అనేదానికి."

ఆయన ఆమెను ఆపలేదు. ముడి పూర్తిచేసి, దారం కొరికి, అప్పుడు తలెత్తాడు.

"నాకు చెప్పేదానికి వచ్చినావా? నేను మోసం చేయలేదని నాకు తెలుసు గదా నాయనా. తెలియనోళ్లకు చెప్పుపో. మొదట కుప్పం పో."

వెళ్లాను. ఆ అంగడిని ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. సావుకారి గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నాడు. చెవి కొంచెం మందం. నేను చెప్పడం మొదలుపెట్టగానే, "ఆ నేతాయనా? పడుగు మార్చినోడు" అన్నాడు. మార్చలేదని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అంగడిలో ఉన్న కొనుగోలుదార్లంతా తిరిగి చూశారు. అది మంచిదే అయింది. మొదటినుంచి చివరిదాకా అందరూ వినేట్టు చెప్పాను. కొడుకు ఇబ్బందిపడి, "ఇరవై ఏండ్లయిపోయె గదా సార్, ఇప్పుడెందుకు ఇదంతా?" అన్నాడు. సావుకారి చేయెత్తి కొడుకును ఆపాడు.

"అప్పుడే ఒక మాట చెప్పుంటే, ఆ చీరలు నేనే తీసుకొనుందునే. ఆ పెద్దమ్మకు నేనే సర్ది చెప్పుందునే." నా వైపు తిరిగి మళ్లీ అన్నాడు. "నేను కూడా ఊరంతా చెప్పినాను గదప్పా. ఆయన్ను ఒకసారి రమ్మను. నా పక్కన కూర్చోబెట్టుకొని కాఫీ ఇస్తాను."

పుంగనూరులో ఈ మాట చెబితే ఆయన, "కాఫీ మా ఇంట్లో కూడా ఉండాది, ఆయన్నే రమ్మను" అన్నాడు. నాకు అప్పుడు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన భార్య నవ్వింది.

తర్వాత మదనపల్లె మగ్గాల వీధి. అది కుప్పం కన్నా కష్టమైంది. టీ అంగడి ముందు పదిమంది చేరినప్పుడు చెప్పాను. ఒక కుర్రవాడు, "అట్లయితే ఆయన పడుగు మార్చలేదా? మా నాయన నాకు అట్లే చెప్పినాడే" అన్నాడు. పక్కనున్న పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వీ పొద్దు వచ్చి గాలికి చెప్పిపోతావు. రేపు మేము ఇంకొకరికి చెప్తే ఎవురు నమ్ముతారు? ఆ మాట నోటితో పాడైంది. నువ్వు కాయితం మీద పెట్టు" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయం. అందుకే ఈ కాగితం. దీన్ని అచ్చు వేయించి ఆ వీధిలో ప్రతి మగ్గం ఇంటికీ నేనే ఇస్తాను.

డిజైను నేర్చుకుంటున్న పిల్లలకు ఒక్కమాట చెప్పుకోనివ్వండి. మీరు చేసే బొమ్మ నిజంలా ఉండాలని తపన పడండి, తప్పులేదు, నేనూ పడ్డాను. కానీ ఆ బొమ్మ చూసి ఎవరో ఒకరు నిజంగా నేస్తారు, కుడతారు, రంగు వేస్తారు. మీరు అందం కోసం వదిలిన చిన్న మెరుపును ఎక్కడినుంచో తెచ్చి ఇవ్వవలసినవాడు ఆయన. ఆయన వచ్చి ఇదేంటని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పండి. మన గొప్ప కొంచెం తగ్గుతుంది, అంతే.

రాయడం పూర్తయ్యాక పుంగనూరు వెళ్లి ఆయనకు చదివి వినిపించాను. పేరు రాయమంటారా అని అడిగాను. "వద్దు. తెలిసినోళ్లకు తెలుసు నేనెవురో. తెలియనోళ్లకు నా పేరెందుకు?" అన్నాడు. నా పేరు, ఓనరు పేరు, సావుకారి పేరు కూడా అందుకే లేవు.

కుప్పం సంగతి దగ్గర నేను ముందు ఒక వాక్యం రాసుకున్నాను: నా ఒక్క మాటతో ఆ పద్దెనిమిది చీరలు వృథా అయిపోయాయి అని. అక్కడ ఆయన చేయెత్తి ఆపాడు. అంతసేపట్లో ఆయన ఆపింది ఆ ఒక్కచోటే.

"యాడ వృథా అయినాయి? ఎవురు చెప్పినారు నీకు?"

"అంటే, వాళ్లు తీసుకోలేదు కదన్నా..."

"వాళ్లు తీసుకోలేదు. చీరలకేమొచ్చె? ఇంటి కాడనే ఒకటొకటిగా అమ్మినాను. నువ్వు చెప్పే మీ అక్క ఉండాదే, ఆయమ్మ వీధిలోనే రెండు పోయినాయి."

"ఒక్క చీరన్నా తిరిగి రాలేదు," అంది ఆయన భార్య లోపలినుంచి. "సదుంలో ఒకామె పోయినేడు కూతురి పెండ్లికి అదే కట్టింది. జరీ నల్లబడలేదు. నేను కండ్లారా సూసినాను."

"వృథా అనేది కొట్టెయ్యి," అన్నాడు ఆయన. "మంచి చీరలప్పా అవి. అట్ల రాయి."

కొట్టేశాను. ఆయన ఎదురుగానే మళ్లీ రాశాను. అవి మంచి చీరలు. పద్దెనిమిదింటిలో ఒక్క పోగు తేడా లేదు. పడుగు పచ్చ, పేక పచ్చ, అంచుకు జరీ మామిడిపిందెలు. చీటీలో ఎలా ఉందో అలాగే నేశాడు. చీటీ రాసింది నేను.